రాడ్డు గట్టిదే... ఎముకే కరిగింది

*విరిగిన కాలికి రాడ్డు, అరిగిన మోకాలికి కొత్త కీలు... ఆపరేషన్‌తో కథ ముగిసిందనుకుంటాం. నెలలు గడిచాక, ఒక్కోసారి ఏళ్లు గడిచాక, లోహం చుట్టూ ఎముక తగ్గిపోవడం మొదలవుతుంది. దాని వెనక బ్యాక్టీరియా చెయ్యి ఎంత? మేడ్చల్, శామీర్‌పేట దారుల నుంచి ముఖచిత్ర కథనం.*

"సార్, రాడ్డేసి ఎనిమిది నెల్లాయె. ఇంక సలుపుతనే ఉంది."

బల్ల మీద కూర్చున్న మనిషికి నలభై ఉంటాయి. డీసీఎం వ్యాన్ డ్రైవరు. ప్యాంటు మోకాలి పైదాకా మడిచి పట్టుకున్నాడు. ముంగాలి మీద పాత కుట్ల గీత, ఆ గీత చివర చిన్న రంధ్రం. చుట్టూ చర్మం నల్లబడి, బిగుసుకుపోయి ఉంది.

"రోజూ కారుతదా?"

"ఎక్కువ లేదు సార్, గింత. పొద్దున లేస్తే బట్టకంటుతది. మందుల షాపుల గోళీలు తెచ్చుకుంటే నాల్గు దినాలు ఆగుతది. మల్ల మొదలైతది."

డాక్టరు ఎక్స్‌రేను కంప్యూటర్ తెర మీద పెద్దది చేశాడు. ఎముక నడుమ రాడ్డు తెల్లగా, తిన్నగా ఉంది. దాన్ని కింది భాగంలో పట్టి ఉంచాల్సిన రెండు స్క్రూల చుట్టూ మాత్రం సన్నటి నల్ల గీత. ఆ గీత ఉన్నంత మేరా ఎముక లేదు.

"రాడ్డు ఇరిగిందా సార్?" వెనక నిలబడ్డ భార్య అడిగింది.

"రాడ్డుకేం కాలేదమ్మా. ఎముకే తగ్గింది."

ఆయన పేరూ ఊరూ ఇక్కడ అక్కర్లేదు. హైదరాబాద్ ఉత్తరాన కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, అల్వాల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ఎముకల ఓపీ ముందు కాసేపు కూర్చున్నా ఇలాంటి మనిషి ఒకరు కనిపిస్తారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఎక్స్‌రేలు, మడతలు పడ్డ డిశ్చార్జి కాగితం. ముఖంలో ఒకటే ప్రశ్న: ఆపరేషన్ బాగానే అయిందన్నరు కదా, మరి ఇదేంది?

గంట లెక్క ఉంది, వారం లెక్క ఉంది

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇప్పుడు ఎవర్ని కదిపినా రోడ్ల మాటే. ప్యారడైజ్ నుంచి మేడ్చల్ వైపు, శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్లు అన్నారు. 2025 కొత్త సంవత్సరం రోజున రెండు వైపులా మెట్రో అన్నారు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఈ నేల మీదుగా శ్రీనగర్–కన్యాకుమారి జాతీయ రహదారి 44 మేడ్చల్‌ను చీల్చుకుంటూ పోతుంది. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి శామీర్‌పేట చెరువు పక్కనుంచి సాగుతుంది. రెంటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు. గోదాములు, ఫార్మా కంపెనీలు, రిసార్టులు, ఇంజినీరింగ్ కాలేజీలు. వాటి చుట్టూ టిప్పర్లు, డీసీఎంలు, షిఫ్టు ముగిసిన అర్ధరాత్రి బైకులు.

దెబ్బ తగిలినవాడిని చేరుకోవడంలో మనం నిజంగానే ముందుకెళ్లాం. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవను నడిపిన ఈఎంఆర్ఐ కేంద్ర కార్యాలయం ఎక్కడో లేదు, ఈ మేడ్చల్ రోడ్డు మీది దేవరయాంజాల్‌లోనే ఉంది. దేశంలో ఎన్నో రాష్ట్రాలు ఆ నమూనాను తీసుకున్నాయి. దెబ్బ తగిలాక మొదటి గంట ఎంత ముఖ్యమో పల్లెటూరి వాళ్లకు కూడా నేర్పింది ఆ సైరనే. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. అదీ మంచిదే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదే దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ల గురించి పేపర్లో వస్తుంది. గాయపడ్డవాళ్లు డిశ్చార్జి అయ్యాక ఏ లెక్కలోకీ రారు. మన డ్రైవరు ఎనిమిదో నెలలో ఉన్నాడు. ఆయన లోపల జరుగుతున్నదానికి గంటతోనూ వారంతోనూ పని లేదు.

కండ లేని చోట

కాలి ఎముకల్లో ముంగాలి ఎముక మరీ దిక్కులేనిది. తొడ ఎముకను చుట్టూ కండ కాపాడుతుంది. ముంగాలికి ముందువైపు ఉన్నది చర్మమే. బైకు మీంచి పడితే విరిగిన కొస ఆ చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. రోడ్డు మీది మట్టి, పేడ, డీజిల్ మసి అన్నీ ఎముకకు అంటుకుంటాయి. ఇలాంటి 'ఓపెన్' విరుగుళ్లను వెయ్యికి పైగా పరిశీలించి గస్టిలో, ఆండర్సన్ అనే అమెరికన్ సర్జన్లు 1976లో మూడు రకాలుగా విడదీశారు. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ వర్గీకరణే వాడుతోంది. చిన్న గాటుతో పోయే మొదటి రకంలో ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికి మించదు. కండ నలిగి ఎముక బయటపడ్డ మూడో రకంలో నూటికి పది నుంచి యాభై మంది దాకా ఇన్ఫెక్షన్ బారిన పడతారు.

అక్కడ వేళకు చేయాల్సినవి పెద్ద విద్యలేం కావు. వీలైనంత త్వరగా, గంటలోపే అయితే మరీ మంచిది, ఒక యాంటీబయోటిక్ ఇంజెక్షన్. ఆపైన లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడగడం, చచ్చిన కండను మొహమాటం లేకుండా కోసి తీసేయడం, వీలైనంత త్వరగా గాయాన్ని మంచి చర్మంతో, కండతో కప్పడం. ఈ చివరిదానికి ప్లాస్టిక్ సర్జన్ కావాలి. రోడ్డు పక్క చిన్న నర్సింగ్‌హోంలో ఉండనిది ఆయనే.

రోడ్డు పక్క ఇంకో బోర్డు కూడా ఉంటుంది: పుత్తూరు కట్టు. చిత్తూరు వైపు పందొమ్మిదో శతాబ్దం నుంచి పేరున్న ఆ కట్టును నేను తీసిపారేయను. చర్మం చెక్కుచెదరని చిన్న విరుగుళ్లు, కదలకుండా కట్టి ఉంచితే చాలామందిలో అతుక్కుంటాయి, పిండికట్టు చేసే పనీ అదే. చిక్కల్లా గాయం మీద కట్టు వేసినప్పుడే. గుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురుబద్దలు పుండును మూసేస్తాయి. విప్పేసరికి వారం దాటిపోతుంది, లోపల చీము పట్టి ఉంటుంది. ఆ పేరున్న పుత్తూరుకూ హైవే పక్క వెలిసిన ప్రతి పుత్తూరు బోర్డుకూ సంబంధం ఉందనుకోవడం ఇంకో పొరపాటు.

లోహం మీద ముందు ఎవరు చేరాలి?

ఒంట్లోకి ఇనుము వెళ్తే చీము ఎందుకు అంత సులువుగా పడుతుంది? 1957లో లండన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల చర్మంలోకి స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. (అలాంటి ప్రయోగానికి ఇప్పుడు ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.) మామూలు చర్మంలో చీము పట్టాలంటే పది లక్షలకు పైగా బ్యాక్టీరియా కావాల్సి వచ్చింది. అక్కడే ఒక పట్టు కుట్టుదారం ఉంటే కొన్ని వందలే సరిపోయాయి. దారానికే అంత తేడా వస్తే జానెడు రాడ్డుకు ఎంత?

శస్త్రచికిత్స పూర్తయిన క్షణం నుంచి ఆ లోహం మీద చోటు కోసం పోటీ మొదలవుతుంది. ఒకవైపు శరీర కణాలు, రెండోవైపు ఎక్కడి నుంచో జారిపడ్డ బ్యాక్టీరియా. ఆంథోనీ గ్రిస్టినా అనే అమెరికన్ ఆర్థోపెడిక్ సర్జన్ 1987లో దీన్ని 'ఉపరితలం కోసం పరుగు' అన్నాడు. శరీర కణాలు ముందు చేరితే లోహం ఒంట్లో భాగమైపోతుంది. బ్యాక్టీరియా ముందు చేరితే కొన్ని గంటల్లోనే జిగురులాంటి పొర స్రవించి, దాని కింద కాపురం పెడుతుంది. బయోఫిల్మ్ అనేది దీన్నే. ఆ పొర కింద కొన్ని బ్యాక్టీరియాలు దాదాపు నిద్రలో ఉంటాయి. పెరిగే కణాన్ని చంపేలా తయారైన యాంటీబయోటిక్, పెరగకుండా పడుకున్నదాన్ని ఏం చేస్తుంది? తేలుతున్న నాలుగింటిని చంపుతుంది. చీము ఆగుతుంది. గోళీలు ఆపగానే పొరలోంచి మళ్లీ నాలుగు బయటికొస్తాయి. మన డ్రైవరు చెప్పిన 'నాల్గు దినాలు ఆగుతది' ఇదే.

ఇంతకూ ఆ బ్యాక్టీరియా ఎక్కడిది? చాలాసార్లు మనదే. స్టాఫిలోకాకస్ ఆరియస్ ఆరోగ్యంగా ఉన్న ముగ్గురిలో ఒకరి ముక్కులో ఉంటుంది. దాని చుట్టం స్టాఫ్ ఎపిడెర్మిడిస్ అందరి చర్మం మీదా ఉంటుంది. చర్మం మీద ఉన్నంతసేపు సాధువు.

> బాక్స్: ఎప్పుడు అనుమానించాలి?
>
> మూడు నెలల్లోపు: గాయం ఎర్రబడటం, చెమ్మ ఆగకపోవడం, జ్వరం. 'పైపై ఇన్ఫెక్షన్' అని గోళీలతో సరిపెట్టకూడదు.
>
> మూడు నెలల నుంచి రెండేళ్లు: పెద్ద లక్షణాలేవీ ఉండవు. నొప్పి పూర్తిగా ఎప్పుడూ తగ్గకపోవడం, కదలకున్నా రాత్రిపూట సలపడం, స్క్రూ చుట్టూ నల్ల గీత, ఎముక అతకకపోవడం.
>
> రెండేళ్ల తర్వాత: చక్కగా పనిచేస్తున్న మోకాలు ఉన్నట్టుండి వాచడం. పుచ్చిన పన్ను, షుగర్ పుండు, మడమ పగుళ్లు, మూత్రం ఇన్ఫెక్షన్... ఎక్కడి నుంచైనా రక్తం ద్వారా బ్యాక్టీరియా అక్కడికి చేరవచ్చు.
>
> జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు అనుకోవద్దు. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలు మొదటి మెట్టు. కీలులోంచి నీరు తీసి చేసే పరీక్ష రెండోది.

తవ్వేది మన కణాలే

ఇక అసలు సంగతి. బ్యాక్టీరియా ఎముకను నేరుగా తినేది తక్కువ. తవ్విపోసేది మన ఒంట్లోని కణాలే.

ఎముక బతికున్న వస్తువు. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు పదోవంతు పాతది పోయి కొత్తది వస్తుంది. తవ్వే పని ఆస్టియోక్లాస్టులది. ఎముకకు అతుక్కుని, ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగించి, ఎంజైములతో మిగతాదాన్ని జీర్ణం చేసుకుంటాయి. ఆ గుంటను ఆస్టియోబ్లాస్టులు పూడ్చి కొత్త ఎముక పోస్తాయి. ఒక గుంట తవ్వడానికి పట్టేది సుమారు మూడు వారాలు. పూడ్చడానికి మూడు నెలలు. మామూలు రోజుల్లో తవ్వకం, పూడిక సరితూగుతాయి కాబట్టి మనకు తెలియదు.

బయోఫిల్మ్ కూర్చున్నచోట ఈ లెక్క తప్పుతుంది. తెల్లరక్తకణాలు వస్తాయి, ఆ పొరను మింగలేవు. మింగలేకపోయినా వెనక్కి పోవు. ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్‌ఎఫ్ అనే రసాయన సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఆ సంకేతాలకు చుట్టుపక్కల కణాలు ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. ఆస్టియోక్లాస్టులను పుట్టించే ఆజ్ఞ అదే. 1990ల చివర్లో శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నాకే, ఎముక ఎందుకు కరుగుతుందన్న ప్రశ్నకు సూటి జవాబు దొరికింది. మరోవైపు స్టాఫ్ ఆరియస్ తన పైనున్న ప్రొటీన్-ఎ తో ఆస్టియోబ్లాస్టులకు అతుక్కుని వాటిని చంపేస్తుంది. తవ్వేవాళ్లు పెరిగారు, పూడ్చేవాళ్లు తగ్గారు. యుద్ధం ఎంత కాలం సాగితే అంత ఎముక పోతుంది.

శామీర్‌పేట చెరువు కట్ట కింద ఊళ్లో పెద్దలకు దీన్ని చెప్పడం తేలిక. కట్ట మీంచి నీళ్లు పొర్లక్కర్లేదు. అడుగున ఎక్కడో చిన్న బుంగ పడుతుంది. సన్నటి ధార రోజూ లోపలి మట్టిని కొంచెం కొంచెం పట్టుకుపోతుంది. పైన రాతికట్టు రాతికట్టులాగే ఉంటుంది.

స్క్రూ పట్టు సడలాక ఇంకో చక్రం మొదలవుతుంది. ఎముకకూ లోహానికీ మధ్య కదలిక సుమారు 150 మైక్రాన్లు దాటితే అక్కడ ఎముక అతుక్కోదు, మెత్తటి పొర పెరుగుతుంది. 150 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఆరో వంతుకంటే తక్కువే. ఆ మెత్తటి పొరలో బ్యాక్టీరియాకు మరింత చోటు. చీము ఒత్తిడికి ఎముక మీది పల్చటి తొడుగు లేచిపోతే రక్తం అందక ఒక ముక్క చచ్చిపోయి విడిపడుతుంది. ఆ ముక్కలోకి రక్తం వెళ్లదు కాబట్టి మందూ వెళ్లదు.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం బృందం 2017లో ఎలుకల ఎముకల్లో చూసింది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఎముక లోపల కణాలను కలిపే నాళాలు అర మైక్రాన్ కూడా ఉండవు. స్టాఫ్ ఆరియస్ గుండ్రంగా, సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది. అయినా అది సాగి, సన్నబడి ఆ నాళాల్లోకి దూరింది. తెల్లరక్తకణం అంత చిన్న సందులోకి పోలేదు. 'ఇరవై ఏళ్ల కింద కాలిరిగింది, ఇప్పుడు మళ్లీ చీము కారుతోంది' అని వచ్చే ముసలివాళ్ల కథకు ఒక వివరణ ఇక్కడుంది.

'క్రిములేం లేవు' అన్న రిపోర్టు

మోకాలు, తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్ల దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో అమ్మలు, అత్తమ్మలు. పదేళ్లకో పన్నెండేళ్లకో కీలు వదులై, కల్చర్ పరీక్షలో ఏమీ పెరగకపోతే, 'ఇన్ఫెక్షన్ లేని సడలింపు' అని రాస్తారు. కీలులోని ప్లాస్టిక్ అరిగి రాలిన రేణువులు దీనికి కారణమని దశాబ్దాలుగా తెలుసు. అంతకుముందు కీలును ఎముకకు పట్టి ఉంచే సిమెంటును తప్పుబట్టేవారు, 'సిమెంటు జబ్బు' అని పేరు కూడా పెట్టారు. ప్లాస్టిక్ రేణువును మింగిన తెల్లరక్తకణం పంపేదీ అదే సంకేతం, పిలిచేదీ ఆ ఆస్టియోక్లాస్టులనే.

అయితే ఆ రిపోర్టును పూర్తిగా నమ్మడానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, ఎండోటాక్సిన్. కొన్ని రకాల బ్యాక్టీరియా గోడల్లో ఉండే పదార్థం ఇది. బ్యాక్టీరియా చచ్చినా అది చావదు. ఆటోక్లేవ్ ఆవిరికి లొంగదు, దాన్ని నాశనం చేయాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట పెట్టాలి. రేణువులకు అంటిన ఎండోటాక్సిన్‌ను జాగ్రత్తగా తొలగిస్తే ఎముకను కరిగించే వాటి శక్తి బాగా తగ్గిందని అమెరికాలో ఎడ్వర్డ్ గ్రీన్‌ఫీల్డ్ బృందం ప్రయోగాలు చూపాయి. అంటే బతికున్న క్రిమి లేకున్నా దాని శిథిలం పని చేస్తోందన్నమాట. ఇంజెక్షన్‌గా ఇచ్చే టీకాల బ్యాచ్‌లకు ఎండోటాక్సిన్ పరీక్ష చేస్తారు. శామీర్‌పేట పక్క తుర్కపల్లిలో ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్లకు ఇది రోజువారీ పని.

రెండోది, పరీక్ష పద్ధతి. బయోఫిల్మ్ లోహానికి అంటుకుని ఉంటుంది. మనం కల్చర్‌కు పంపేది పక్కనున్న కండ ముక్క. తీసేసిన కీలును ద్రవంలో పెట్టి అల్ట్రాసౌండ్ తరంగాలతో కుదిపి, రాలినదాన్ని పరీక్షిస్తే ఎలా ఉంటుందని మేయో క్లినిక్‌లో ట్రాంపూజ్ బృందం 331 మంది రోగుల కీళ్లతో చూసింది. 2007లో ఫలితాలు వచ్చాయి. కండ ముక్కల పరీక్ష ఇన్ఫెక్షన్లలో 60.8 శాతాన్ని పట్టుకుంటే, ఈ పద్ధతి 78.5 శాతాన్ని పట్టింది. పరీక్షకు ముందు రెండు వారాల్లో యాంటీబయోటిక్ వాడినవాళ్లలో తేడా మరీ ఎక్కువ.

ఆ చివరి వాక్యం మన ప్రాంతానికి రాసినట్టే ఉంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది, మందుల షాపులో మూడు రోజుల గోళీలు, ఆ తర్వాతే పెద్ద దవాఖాన. కల్చర్ రిపోర్టులో 'ఏమీ పెరగలేదు' అని వస్తుంది. పెరగడానికి మనమే వీల్లేకుండా చేశాం. అందుకే వదులైన ఇంప్లాంటును, ఇన్ఫెక్షన్ లేదని రుజువయ్యే దాకా ఇన్ఫెక్షన్‌గానే చూడాలన్న సర్జన్ల జాగ్రత్త నాకు అతిగా తోచదు. ఇంకో సంగతి: ఈ గడ్డ మీద క్షయ కూడా ఉంది. మామూలు కల్చర్‌లో అది కనిపించదు, విడిగా వెతకాలి.

> బాక్స్: భీమవరం మనిషి, మెరిసే ఎముక
>
> భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్ పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.
>
> ఈ మందులు కాల్షియంను పట్టుకుని, కొత్తగా గట్టిపడుతున్న ఎముకలో దిగబడిపోతాయి. అతినీలలోహిత కాంతి వేస్తే మెరుస్తాయి. కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు మందిచ్చి ఎముక ముక్కను చూస్తే రెండు మెరుపు గీతలు కనిపిస్తాయి. నడుమ దూరమే ఆ రోజుల్లో పెరిగిన ఎముక. ఎముక పెరుగుదలను కొలవడానికి 1950ల చివరి నుంచి ఇది దారి చూపింది. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను, ఇంప్లాంటు తీయడానికి వీల్లేని రోగులకు ఏళ్ల తరబడి ఇస్తుంటారు.

టీకాల లోయలో లేని టీకా

శామీర్‌పేట అనగానే జీనోమ్ వ్యాలీ గుర్తుకొస్తుంది. భారత్ బయోటెక్ రోటావ్యాక్, కోవ్యాక్సిన్ ఇక్కడివే. బయోలాజికల్-ఇ కి కూడా ఈ వైపు ప్లాంటు ఉంది. ఇంత పెద్ద టీకాల నేలకు కూతవేటు దూరంలో కాలు చీము కారుతుంటే, 'దీనికి టీకా లేదా?' అని అడగడం సహజమే.

ప్రయత్నాలు జరిగాయి, ఇక్కడ కాదు, అమెరికా కంపెనీల్లో. మెర్క్ తన స్టాఫ్ ఆరియస్ టీకాను గుండె, ఛాతీ ఆపరేషన్లకు వెళ్లే రోగుల మీద పరీక్షించింది. పని చేయలేదు. పైగా, తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో టీకా వేసుకున్నవాళ్లే ఎక్కువగా చనిపోయారు. ఫైజర్ మరింత జాగ్రత్తగా నాలుగు భాగాల టీకా చేసి, వెన్నెముకలో స్క్రూలు, రాడ్లు వేయించుకునే రోగులనే ఎంచుకుంది. ప్రతిరక్షకాలు బాగానే పుట్టాయి. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. 2018 డిసెంబరులో ఆపేశారు. పుట్టిన దగ్గర్నుంచీ మన చర్మం మీదే బతికే సూక్ష్మజీవిని శరీరానికి శత్రువుగా పరిచయం చేయడం తేలిక కాదు.

మందుల వైపు చూస్తే ఇంకో చేదు నిజం ఉంది, అది మాత్రం ఇక్కడిదే. ఔటర్ రింగు మీద మేడ్చల్ నుంచి పడమరకు వెళ్తే పటాన్‌చెరు. అక్కడి ఫార్మా వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో బయటపెట్టింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా పుట్టడానికి కావాల్సిందంతా అందులో ఉంది. ఆస్పత్రుల్లో దొరికే స్టాఫ్ ఆరియస్‌లో నూటికి నలభైకి పైగా మెథిసిలిన్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకమేనని ఐసీఎంఆర్ ఇటీవలి వార్షిక నివేదికలు చెబుతున్నాయి. ఈ రెంటికీ నేరుగా ముడిపెట్టను. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే గోళీలు అందులో తమ వంతు పాపం మూటగట్టుకున్నాయి.

> బాక్స్: స్టీలా, టైటానియమా?
>
> ఆపరేషన్ ముందు చాలామంది అడిగే ప్రశ్న. 1996లో స్విస్ పరిశోధకులు కుందేళ్లకు స్టీలు, టైటానియం ప్లేట్లు వేసి బ్యాక్టీరియా ఎక్కించారు. స్టీలు ప్లేట్లలో 75 శాతం, టైటానియం ప్లేట్లలో 35 శాతం ఇన్ఫెక్షన్ సోకింది. టైటానియానికి కణాలు బాగా అతుక్కుంటాయి. అలాగని అది రక్షరేకు కాదు. గాయాన్ని ఎంత బాగా కడిగారు, షుగర్ ఎంత అదుపులో ఉంది, సిగరెట్ మానారా అన్నవి లోహం రకం కంటే ఎక్కువ తేడా తెస్తాయి.

తీసి, కడిగి, మళ్లీ

ఇన్ఫెక్షన్ మొదలై మూడు నాలుగు వారాలే అయి, ఇంప్లాంటు గట్టిగా ఉంటే దాన్ని ఉంచి చుట్టూ కోసి కడిగి మందులివ్వచ్చు. బయోఫిల్మ్‌లోకి దూరగల మందుగా రిఫాంపిసిన్‌కు పేరుంది. 1998లో జిమర్లీ బృందం చేసిన చిన్న అధ్యయనంలో, చికిత్స పూర్తి చేసినవాళ్లలో రిఫాంపిసిన్ కలిపి వాడిన పన్నెండు మందికీ నయమైంది, కలపని పన్నెండు మందిలో ఏడుగురికే నయమైంది. మనకు రిఫాంపిసిన్ అంటే టీబీ మందు. ఒంటరిగా వాడితే నిరోధకత ఇట్టే వస్తుంది కాబట్టి దాన్ని ఎవరంటే వాళ్లు రాయకూడదు.

ఆలస్యమైతే లోహం బయటికి రావాల్సిందే. మోకాలి కీలైతే చాలాసార్లు రెండు ఆపరేషన్లు: మొదట పాతదాన్ని తీసి యాంటీబయోటిక్ కలిపిన సిమెంటు ముద్ద పెట్టి కొన్ని వారాలు ఆగాలి. ఇన్ఫెక్షన్ పోయిందని తేలాక కొత్తది. ఎముకలో మందు కలిపిన సిమెంటు వాడకాన్ని జర్మనీలో హాంబర్గ్ సర్జన్ బుక్‌హోల్జ్ 1970లో ముందుకు తెచ్చాడు. ఈ లోగా ఎముక ఎంత పోయిందో అంత పెద్ద కీలు కావాలి. 2017 ఆగస్టులో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ పరిమితులు పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 రూపాయలు, రెండోసారి పెట్టే రివిజన్ మోకాలికి 1,13,950 రూపాయలు నిర్ణయించింది. ఎముక పోతే ధర రెట్టింపని ప్రభుత్వ పట్టికే చెప్పినట్టయింది.

మన డ్రైవరులాంటి వాళ్లకు దారి ఇంకా పొడుగు. రాడ్డు తీసి, చచ్చిన ఎముక కోసేస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది. దాన్ని నింపడానికి సైబీరియాలోని కుర్గాన్ అనే ఊళ్లో గావ్రిల్ ఇలిజరోవ్ అనే వైద్యుడు 1950ల్లో పట్టుకున్న ఉపాయం ఉంది. కాలి చుట్టూ రింగులు, వాటి నుంచి ఎముకలోకి సన్నటి తీగలు. ఆరోగ్యంగా ఉన్నచోట ఎముకను కోసి, మరలు తిప్పుతూ రోజుకు ఒక మిల్లీమీటరు జరుపుకుంటూ పోతే వెనకాల కొత్త ఎముక పుడుతుంది. ఆరు సెంటీమీటర్ల ఖాళీ నిండాలంటే అరవై రోజులు జరపడం, ఆపైన అది గట్టిపడటానికి నెలల తరబడి ఎదురుచూడటం. మర తిప్పేది చాలాసార్లు భార్యే. డాక్టరు ఒకసారి చూపిస్తాడు. పూటకు ఎంత తిప్పాలో ఆమే గోడ క్యాలెండర్ మీద రాసుకుంటుంది. తీగల చుట్టూ రోజూ శుభ్రం చేసేదీ ఆమే. రింగులున్న కాలికి ప్యాంటు పట్టదు, లుంగీయే గతి. పెళ్లికీ చావుకీ వెళ్లడం మానేస్తారు. బండి ఈఎంఐ ఆగదు. ఫైనాన్స్ వాళ్ల ఫోనుకు జవాబు చెప్పేదీ ఆమే.

మంచి వార్త కూడా ఒకటుంది. ఆరు వారాలు నరానికి మందు ఎక్కించాల్సిందే, మంచం మీద ఉండాల్సిందే అన్న పాత పట్టుదల సడలింది. వెయ్యి మందికి పైగా రోగులతో బ్రిటన్‌లో జరిగిన ఒవీవా అధ్యయనం, సరిగా ఎంచుకుని ఇస్తే నోటి ద్వారా ఇచ్చే మందులు కూడా అంతే పని చేస్తాయని 2019లో తేల్చింది. దినకూలీ ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

స్టిక్కరు ఎక్కడ?

స్వీడన్ 1975 నుంచి దేశంలో పెట్టిన ప్రతి మోకాలి లెక్కా రాసుకుంటోంది. ఏ కీలు, ఎన్నేళ్లు నిలిచింది, ఎందుకు తీశారు అన్నీ. మన దేశంలో కీళ్ల సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది కానీ అది స్వచ్ఛందం. విరుగుళ్లకు వేసే రాడ్లు, ప్లేట్లయితే ఎన్ని వేశామో, వాటిలో ఎన్ని చీము పట్టాయో చెప్పే లెక్కే లేదు. 1960లలో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా మొదలై ఇవాళ నిమ్స్‌గా ఉన్న పంజాగుట్ట దవాఖానకు మేడ్చల్ నుంచి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. చెడిన కేసులు చివరికి చేరేది అలాంటి పెద్ద ఆస్పత్రులకే. చేరేటప్పటికి చేతిలో ఉండేది 'ఓఆర్‌ఐఎఫ్ చేయబడినది' (కోసి, ఎముకను సరిచేసి, లోహంతో బిగించారని) అన్న ఒక్క వాక్యం.

దాంతో కత్తి పట్టాల్సిన సర్జనుకు ఇబ్బంది. లోపల ఏ కంపెనీ రాడ్డు ఉందో, స్క్రూ తల నలుపలకలదో ఆరుపలకలదో, ఎంత సైజుదో తెలియకపోతే దానికి సరిపోయే స్క్రూడ్రైవరు బల్ల మీద ఉండదు. తల అరిగిపోతుంది, స్క్రూ లోపలే విరుగుతుంది. విరిగిన ముక్క కోసం చుట్టూ ఎముకను తొలచాల్సి వస్తుంది. ఇప్పటికే తక్కువగా ఉన్న ఎముకే అది.

ఇంప్లాంటు పెట్టె మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, సైజు ఉన్న స్టిక్కరు ఉంటుంది. సాధారణంగా దాన్ని ఆస్పత్రి కేస్‌షీటులో అతికిస్తారు. డిశ్చార్జి రోజున బిల్లు కట్టే తొందరలో ఎవరూ అడగరు. అడిగితే ఒక కాపీ ఇస్తారు. కనీసం ఫోన్లో ఫొటో తీసుకోనిస్తారు.